ఎర్ర సీసా, ఆకుపచ్చ సీసా

హైదరాబాదు,
14 జూన్ 1992

చిన్నాన్నకు సౌభాగ్య నమస్కారాలు.

హాస్టలు మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని రాస్తున్నాను. గాలికి కాగితం ఎగిరిపోతోందని దాని మీద చెప్పు పెట్టాను. తిట్టకు, ఇంకేదీ దొరకలేదు. నాకు తెలుగు రాయడం నేర్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే సగం నువ్వు భరించు.

ఉద్యోగం బాగానే ఉంది. మాది కంప్యూటర్లు అమ్మే చిన్న కంపెనీ. వాటితో పాటు ఇచ్చే ప్రోగ్రాములు మేం రాస్తాం. మనుషులే ఇంకా అలవాటు కాలేదు. బిలాస్‌పూర్ బడిలో నన్ను మద్రాసీ అనేవారు. ఇక్కడ నా మాట విని హిందీ అమ్మాయి అంటున్నారు. రూములో నాతో ఉండే ఇద్దరిదీ ఒకే ఊరు, వాళ్ళలో వాళ్ళే నవ్వుకుంటారు. అందుకని సాయంత్రం అందరూ వెళ్ళాక కూడా ఆఫీసులోనే ఉండిపోతున్నాను.

ఉండి ఏం చేస్తున్నానో చెప్తే నవ్వుతావు. నాన్నకు ఖరగ్‌పూర్ బదిలీ అయినప్పుడు డిగ్రీ అయ్యేదాకా నీ క్వార్టర్లో ఉన్నాను కదా, అప్పుడు మనం ఆడిన సొరంగం ఆటను కొత్తగా తయారుచేస్తున్నాను. పాతది మా ఆఫీసులో చూపిస్తే, "ఇందులో ఏముంది, అన్నీ అక్షరాలేగా" అన్నారు. నిజమే, నల్ల తెర మీద అక్షరాలు తప్ప బొమ్మ ఒక్కటీ లేదు. మన మనిషి ఒక గుర్తు, పాము ఒక అక్షరం, సీసా ఒక నిలువు గీత, కింద చుక్క. అయినా ఒక్కో అంతస్తు కిందికి దిగుతుంటే గుండె ఎలా కొట్టుకునేదో వాళ్ళకేం తెలుసు. చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచీ ఆడాలి, అదీ దారులన్నీ మారిపోయి.

నేను వదిలేసి వచ్చిన పాత కంప్యూటరు మీద నువ్వింకా ఆడుతున్నావని నాన్న రాశారు. నీ అంత ఆడినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అందులో నీకు ఏది బాగోలేదో రాయి. అవన్నీ సరిచేస్తాను.

భాగ్యం

బిలాస్‌పూర్,
28 జూన్ 1992

చిరంజీవి భాగ్యానికి చిన్నాన్న శంకరరావు దీవెనలు. ఇక్కడ నేనూ నా ఇంజనూ క్షేమం.

చదువుకున్న పిల్లవి కాగితం మీద చెప్పు పెడతావా. ఈసారికి సరస్వతీదేవితో నేను మాట్లాడి సర్దుబాటు చేశాను.

నిన్న పెండ్రా ఘాట్ మీదుగా బొగ్గు బండి తెచ్చాను. మొదటి వాన పడింది. కోటా దగ్గర పొలాల్లో జనం మా బండిని చూసి చెయ్యి ఊపారు. నేను హారను కొట్టాను. అది చాలు నాకు, ఆ రోజుకి మనిషినయ్యాను. మీ పిన్ని పోయాక ఈ క్వార్టర్లో గడియారం చప్పుడు కూడా పెద్దదైపోయింది. డ్యూటీ లేని రోజు చుట్ట మీద చుట్ట తాగుతూ కూర్చోవడమే, తలుపు తియ్యాలన్నా బద్ధకం.

జనవరిలో మెడికల్ ఉంది. యాభై దాటిన డ్రైవర్లను డాక్టర్లు జల్లెడ పడుతున్నారు. కళ్ళు తప్పాయంటే ఇంజను దించి ఏదో ఆఫీసు బల్ల దగ్గర కూర్చోబెడతారు. అలా దించినవాళ్ళను చూశాను. షెడ్డు గేటు దగ్గర నిలబడి, వచ్చే పోయే ఇంజన్ల నంబర్లు చదువుకుంటుంటారు. ఆ బతుకు నాకొద్దు. నా చూపుకేం ఢోకా లేదులే. ఈ సిగ్నలు దీపాలే ఈమధ్య మసకగా ఉంటున్నాయి, అద్దాలు తుడిచే నాథుడు లేడు.

ఆట సంగతి. పొడుగాటి దారిలో అడుగుకో మీట నొక్కలేక వేళ్ళు పడిపోతున్నాయి. నడిచొచ్చిన దారి మర్చిపోతున్నాను. చచ్చిపోతే అక్షరాలతోనే సమాధి కడుతుందిగాని ఎందుకు చచ్చానో సరిగ్గా చెప్పదు. మనిషన్నాక తన తప్పు తనకి తెలియాలి కదా. తెర కింద వరసలో, ఇది ఎర్ర సీసా, ఇది ఆకుపచ్చ సీసా అని ఇంగ్లీషులో రాస్తుంది చూడు, అవి చదివీ చదివీ నాకు కాస్త ఇంగ్లీషు కూడా వచ్చింది.

వేళకి తిను.

చిన్నాన్న

హైదరాబాదు,
16 ఆగస్టు 1992

చిన్నాన్నా,

మీ ఊళ్ళో దయాల్‌బంద్ పేటలో కంప్యూటర్ క్లాసులు చెప్పే నాగభూషణం గారు సామాను కొనడానికి మా ఆఫీసుకి వచ్చారు. మూల పడేసిన కలర్ మానిటర్ ఒకటి మా బాసుని అడిగి ఆయనతో పంపుతున్నాను. ఆయనే వచ్చి బిగిస్తారు. దానితో పాటు ఫ్లాపీలో కొత్త ఆట.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఒక మీట నొక్కితే దారి మలుపు దాకా మన మనిషి తనే పరుగెత్తుతాడు, ఎదురుగా ఏదన్నా వస్తే ఆగుతాడు. ఒకసారి నడిచిన చోటల్లా తెర మీద నిలిచిపోతుంది, ఇక దారి తప్పవు. చచ్చిపోతే ఎందుకు పోయావో ఒక ముక్క రాస్తుంది. ఇంగ్లీషు చదివే బాధ కూడా తప్పించాను. కింద వరస తీసేసి అన్నిటికీ రంగుల బొమ్మలు పెట్టాను. సీసాలు నీకోసమే ప్రత్యేకంగా చేశాను. విషం ఎరుపు, మందు ఆకుపచ్చ. డ్రైవరు గారికి ఇంతకంటే సులువైనది ఏముంటుంది?

ఒక్క దాని మీద బాసుతో గొడవైంది. చచ్చినవాణ్ణి అక్కడే మళ్ళీ బతికించమంటాడు, లేకపోతే కొన్నవాళ్ళు విసుక్కుంటారట. నేను ఒప్పుకోలేదు. ప్రాణం ఒక్కటే కాబట్టే కదా చూసి చూసి అడుగు వేస్తాం. దీపావళి ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ఉంది. ముందు నీ నోటితో బాగుందని అనిపించుకోవాలి. ఇక్కడ ఆ మాట అనేవాళ్ళు నాకెవరూ లేరు.

భాగ్యం

బిలాస్‌పూర్,
6 సెప్టెంబరు 1992

భాగ్యానికి ఆశీస్సులు.

నాగభూషణం వచ్చి బిగించి, టీ తాగి, నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళాడు. పరుగు మీట బ్రహ్మాండం. నడిచిన దారి నిలిచిపోవడం ఇంకా బాగుంది. బాసుతో బాగా పోట్లాడావు. బండి పట్టాలు తప్పాక మళ్ళీ వెనక స్టేషను నుంచి తెస్తానంటే ఎవడు ఒప్పుకుంటాడు?

ఉన్న మాట చెప్పాలి కదా, సీసాల దగ్గర మాత్రం నీ లెక్క తప్పింది. మందు అని తాగుతాను, విషం తాగి పోయావని రాస్తుంది. నాలుగో అంతస్తు దాటలేకపోతున్నాను. పాత ఆటలో ఇంతకంటే ఎంతో కిందికి దిగేవాణ్ణి. నువ్వు రెంటికీ ఒకే రంగు వేసినట్టున్నావు. అలసిపోయి రాశావేమో, ఒకసారి చూసుకో. నాకైతే పాతదే నయమనిపిస్తోంది.

ఇక్కడ వాన వదలడం లేదు. బట్టలు ఆరక పాత యూనిఫారంతోనే డ్యూటీకి వెళ్తున్నాను.

చిన్నాన్న

హైదరాబాదు,
20 సెప్టెంబరు 1992

చిన్నాన్న గారికి,

మీ ఉత్తరం అందింది. ప్రోగ్రాము మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. సీసాల రంగుల్లో తప్పేమీ లేదు. ఆఫీసులో అందరి చేతా ఆడించాను. ఎవరూ విషం తాగి ఫిర్యాదు చెయ్యలేదు. మానిటరులో ఏమన్నా తేడా ఉందేమోనని నాగభూషణం గారికి కూడా రాశాను. ఆయన మీ ఇంట్లో చూసినప్పుడు రంగులు శుభ్రంగా ఉన్నాయట.

అలవాటైన వస్తువు మీద అభిమానం ఉంటుందని నాకు తెలుసు. పాతది నయమనిపిస్తే మీరు పాతదే ఆడుకోండి. మీకోసం మూడు నెలలుగా సాయంత్రాలన్నీ దీనికే పెట్టాను, అంతే.

సౌభాగ్య

బిలాస్‌పూర్,
11 అక్టోబరు 1992

అమ్మా భాగ్యం,

మీరు అని రాశావు. నీ పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా చొక్కా తడిపినదానివి. ఆ ముక్క చదివి ఆ పూట అన్నం సహించలేదు. నీ పని బాగోలేదని నేననలేదు. నువ్వు చేసినది బాగోకపోతే ఇంకెవరు చేసినది బాగుంటుంది నాకు? రాయడం చేతగాక మోటుగా రాస్తాను, అంతే.

ఆట మానలేదు. సీసాలకి ఉపాయం కనిపెట్టాను. మన వెనక క్వార్టరు అప్పలనర్సమ్మ తెలుసుగా, కొడుకు షెడ్డులో ఫిట్టరు. కొడుకూ కోడలూ పనికి పోయాక ఆవిడకీ పొద్దు గడవదు. చేటలో బియ్యం పోసుకుని వచ్చి నా పక్కన పీట వేసుకుంటుంది. సీసా కనబడగానే ఆవిడ రంగు చెబుతుంది, నేను తిరిగి చెప్పి మీట నొక్కుతాను. మొన్న నేను తొందరపడితే నెత్తి మీద మొట్టినంత పని చేసింది.

"ఏటి బాబూ, ఎర్రదాన్ని అట్టుకుని మందంటావేటి? నీకు కళ్ళు అగుపడతన్నాయా నేదా?"

ఇంజను మీద మేం చేసేదే ఇది. సిగ్నలు కనబడగానే ఇద్దరం గట్టిగా చెప్పుకోవాలి కదా. ఇదివరకు నేనే ముందు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ పని నా అసిస్టెంటు అమ్మన్నకి అప్పగించాను. వాడి గొంతు ఖంగుమంటుంది. వాడు చెప్పాక నేను తిరిగి చెబుతాను. ఇద్దరికీ హాయిగా ఉంది. నిన్న నీ ఆటలో తొమ్మిదో అంతస్తు దిగాం.

కోపం తీరితే నువ్వు అని రాయి.

చిన్నాన్న

హైదరాబాదు,
17 అక్టోబరు 1992

చిన్నాన్నా,

కోపం లేదు. నీ ఉత్తరంలో సిగ్నలు సంగతి మూడుసార్లు చదివాను.

నేను రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్లని. ఇద్దరూ చూసి ఇద్దరూ చెప్పాలి, ఒకరు పొరపాటు పడితే రెండోవారు పట్టుకోవాలి, అందుకే ఆ పద్ధతి పెట్టారని నువ్వే నాకు చెప్పావు. అమ్మన్న చెప్పింది విని నువ్వు తిరిగి చెప్పడం చూడటం కాదు చిన్నాన్నా. నా ఆటలో తప్పు లేదు. సిగ్నలు దీపాల మీద మసకా లేదు. పాత ఆటలో సీసా రంగు కింద వరసలో మాటల్లో ఉండేది కాబట్టి నీకు ఇబ్బంది రాలేదు. నేనే ఆ వరస తీసేశాను.

ఎరుపుకీ ఆకుపచ్చకీ నీకు తేడా తెలియడం లేదు. ఎప్పటి నుంచో నాకు తెలీదు, నీకు తెలుసేమో.

జనవరి దాకా ఆగకు. రేపే రైల్వే ఆసుపత్రికి వెళ్ళు. నీకు దండం పెడతాను, ఆ ఉత్తరం రాసిన కలంతోనే సిక్ అని రాసి ఇచ్చి ఇంజను దిగు. నీ వెనకాల బొగ్గే ఉండచ్చు. ఎదురుగా వచ్చే బండిలో మనుషులుంటారు.

నీ భాగ్యం

బిలాస్‌పూర్,
26 అక్టోబరు 1992

సౌభాగ్యకు,

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎర్ర దీపం దాటినవాణ్ణి కాదు. బొమ్మల ఆట చూసి నాకు చత్వారం, గుడ్డితనం అంటగట్టడానికి నువ్వు డాక్టరువి కావు. ఏ దీపం ఎక్కడుంటుందో, పైదేదో కిందిదేదో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ దారి నాకు కంఠతా వచ్చు.

ఇంజను దిగి ఏం చెయ్యమంటావు? నువ్వు వచ్చి నాతో ఉంటావా? మీ నాన్న ఉంటాడా? ఉచితంగా సలహా చెప్పడం అందరికీ వచ్చు.

శంకరరావు

హైదరాబాదు,
1 నవంబరు 1992

చిన్నాన్నా,

కళ్ళు మూసుకున్నా తెలుసని రాశావు. దానికే నాకు భయం.

నువ్వడిగినదానికి ఉన్న మాటే చెప్తున్నాను. వచ్చి ఉండలేను. అది నాకూ నొప్పిగానే ఉంది. కానీ నువ్వు ఒంటరిగా ఉన్నావని నిన్ను ఇంజను మీద ఉండనివ్వలేను. ఈ నెల పదిహేను దాకా చూస్తాను. నువ్వు వెళ్ళకపోతే షెడ్డు ఫోర్‌మన్‌కి నేనే రాస్తాను. తర్వాత నన్ను ఇంట్లోకి రానివ్వకపోయినా సరే.

భాగ్యం

బిలాస్‌పూర్,
24 నవంబరు 1992

సౌభాగ్యకు,

నిన్న డ్యూటీకి వెళ్తే పేరు పిలవలేదు. మా డ్రైవర్ల ఇన్‌స్పెక్టరు పక్కకి తీసుకెళ్ళి, ముందు ఆసుపత్రికి వెళ్ళి కళ్ళు చూపించుకుని రమ్మన్నాడు. డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే లాబీలో నలుగురూ నా మొహం చూడకుండా తల తిప్పుకున్నారు. నీ ఉత్తరం వాళ్ళకి అందినట్టుంది. అనుకున్నది సాధించావు. ఇక నాకు రాయకు.

శం.

హైదరాబాదు,
2 డిసెంబరు 1992

చిన్నాన్నా,

రాయకు అన్నా రాస్తున్నాను. నేను ఫోర్‌మన్‌కి రాయలేదు. పదిహేనో తారీకు వచ్చింది, కాగితం ముందు కూర్చున్నాను, నీ పేరు రాసి ఆగిపోయాను. మర్నాడూ అంతే. నీ మీద ప్రేమతో రాయలేదని చెప్పుకోవచ్చు. నిజానికి పిరికితనం. ఆ మధ్యలో నీ బండికి ఏమన్నా అయ్యుంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. ఎవరు చెప్పారో నాకు తెలీదు. ఎవరైతేనేం, వాళ్ళకి నా కంటే ధైర్యం ఉంది.

దీపావళి ఎగ్జిబిషన్‌కి ఆట ఇవ్వలేదు. బాసు తిట్టాడు. రంగు ఒక్కటే చూసి తెలుసుకోవాలంటే ఆ ఆట కొంతమందికి గోడ కట్టినట్టే అని నీ వల్ల తెలిసింది. ఇప్పుడు విషం సీసా మీద అడ్డగీత ఉంటుంది, మందు సీసా మీద చుక్క ఉంటుంది. కింద వరస కూడా తిరిగి పెట్టాను, ఈసారి తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలతో. బాసు స్నేహితుడొకరు, చూపు లేనాయన, ఆఫీసుకి వచ్చి, మాటలు చదివి వినిపిస్తే తనూ ఆడొచ్చన్నారు. అదీ ఆలోచిస్తున్నాను. పాతదాని కంటే నాది మెరుగు అని ఇంతకాలం గొప్పలు పోయాను. ఇప్పుడే మెరుగైంది.

ఫ్లాపీ నాగభూషణం గారికి పంపాను. ఆడకపోయినా ఉంచుకో.

భాగ్యం

బిలాస్‌పూర్,
10 జనవరి 1993

చిరంజీవి భాగ్యానికి చిన్నాన్న దీవెనలు. ఇక్కడ చలి బాగా ఉంది.

నీ మీద నింద వేశాను. చెప్పింది అమ్మన్న. పోయిన నెలలో వాడే ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"గురువు గారూ, ఇన్‌స్పెక్టరు గారికి నానే సెప్పినాను. ఓ రోజు పరీచ్చకని నాను కావాలని తప్పు సెప్పినాను, ఎరుపుకి ఆకుపచ్చని. మీరూ అదే అన్నారు. బ్రేకు నానే ఏసినాను. ఆ రోజు కాడ్నించి నాకు నిద్దర నేదు. నాకిద్దరు పిల్లలు."

వాణ్ణి పట్టుకుని ఏడ్చాను భాగ్యం. సిగ్గుపడకుండా రాస్తున్నాను. వాడికి పని నేర్పింది నేను. ఇద్దరూ చూడాలి, ఇద్దరూ చెప్పాలి అని వాడికి నేర్పింది నేను. చెప్పవలసినవాడే చెప్పాడు.

ఆసుపత్రిలో డాక్టరు చుక్కల పుస్తకం తెరిచి అందులో అంకె చదవమన్నాడు. నాకు చుక్కలే కనబడ్డాయి. పేజీ తరవాత పేజీ, చుక్కలే. "చుట్టా కబ్ సే పీతే హో, శంకరరావ్ జీ" అని, చుట్ట ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నానో అడిగాడు. పొగాకు కంటి నరాన్ని తినేసిందట. మానేస్తే కొంత వెనక్కి రావచ్చు, ఇంజను మాత్రం రాదన్నాడు. చుట్ట మానేశాను. లాబీలో బల్ల ఇచ్చారు. ఏ బండికి ఏ డ్రైవరో పేర్లు పిలుస్తాను. నిన్న అమ్మన్న పేరు పిలిచాను. వాడి పక్కన కొత్త డ్రైవరు. జాగర్త అన్నాను, వాడు సరే అన్నాడు. వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి ఆ ఇంజను నంబరు చదివాను.

నీ కొత్త ఆట నాగభూషణం ఎక్కించాడు. వేరే ఫ్లాపీ లేక నువ్వు ఆగస్టులో పంపినదాన్ని తుడిచేసి దాని మీదే ఎక్కించి, ఈసారి పంపింది తను దాచుకున్నాడు, క్లాసులో పిల్లలకి చూపిస్తాడట. గీతా చుక్కా స్పష్టంగా కనబడుతున్నాయి. చివరి అంతస్తు దాకా వెళ్ళి, అక్కడి నిధి తీసుకుని పైకి వచ్చేశాను. పాతదాంట్లో ఎన్నేళ్ళు ఆడినా నావల్ల కాలేదు. నీ ఆట అన్నివిధాలా బాగుంది. నా నోటితో అనిపించుకోవాలన్నావు కదా, అంటున్నాను. ఇక సీసా రంగు ఎవర్నీ అడగక్కర్లేదు.

అయితే ఒక చిక్కొచ్చింది. నేను గెలిచిన రోజు అప్పలనర్సమ్మ పక్కనే ఉంది. సీసాల మీద గుర్తులు చూసింది. "ఇంక నాతో పనేటుంది బాబూ" అని చేట తీసుకుని లేచింది. కూర్చోమన్నాను. ఊరికే ఎందుకు కూర్చుంటుంది, పరాయి ఆడమనిషి. పని ఉంటే వేరు. ఆ రోజు నుంచి రాలేదు. సెలవు రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా నోట మాట బయటికి రావడం లేదు.

అంచేత, ఆ గుర్తులూ కింద వరసా కనబడకుండా చేసే మీట ఒకటి పెట్టి పంపు. అది ఉందని ఆవిడకి చెప్పను. కంప్యూటరు పాడై గుర్తులు పోయాయని చెబుతాను. మళ్ళీ నాలుగో అంతస్తులో చచ్చిపోయినా ఫరవాలేదు.

చిన్నాన్న